వ్యాపారం వెబ్‌సైట్‌కి పిలవని పేరంటంగా వచ్చే మెయిళ్ల సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుందని. బెంగళూరు పీణ్యలో షీట్ మెటల్, పౌడర్ కోటింగ్ జాబ్‌వర్క్ యూనిట్ నడుపుతున్నారు. ఈమధ్యే వెబ్‌సైట్ పెట్టించారు. అప్పట్నుంచి ఇన్‌బాక్స్ నిండా మెయిళ్లు: గూగుల్ మొదటి పేజీకి తెస్తామనేవాళ్లు, డొమైన్ (సైట్ పేరు) గడువు అయిపోతోందనేవాళ్లు, మీ సైట్‌లో మా ఫోటోలు వాడుకున్నారు కోర్టుకెక్కుతామనేవాళ్లు. ఈ గోలలో హోసూరు నుంచి వచ్చిన అసలైన ఎంక్వైరీ స్పామ్ ఫోల్డర్‌లో పడిపోయింది. చూసుకునేసరికి ఆర్డర్ వేరేవాళ్లకి వెళ్లిపోయింది. ఇంకోపక్క ఆ ఫోటోల మెయిల్లో ఉన్న లింకుని అకౌంట్స్ చూసే మీ బావమరిది నొక్కేశాడు. ఏది నిజం, ఏది మోసం, అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కొచ్చా, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను రాజాజీనగర్‌లో ఉంటూ చిన్న కంపెనీల వెబ్‌సైట్లు, మెయిల్ సెటప్‌లు చూసుకుంటాను. చిక్‌పేట పట్టుచీరల హోల్‌సేల్ కొట్టుకైనా, ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుకైనా, మీలాంటి యూనిట్‌కైనా వచ్చే మెయిళ్లు దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కాబట్టి మీ ఒక్కరి మీదే ఎవరో కన్నేశారని అనుకోకండి.

మిగతావన్నీ నిదానంగా చదవొచ్చు, ఆ లింకు సంగతి మాత్రం ఇప్పుడే చూడండి. మీ బావమరిది నొక్కి ఊరుకున్నాడా, ఏదైనా ఫైల్ దిగిందా, దిగినదాన్ని తెరిచాడా అని అడగండి. తిట్టకుండా అడగండి, లేకపోతే నిజం చెప్పడు. పేజీ తెరిచి మూసేసి ఉంటే పెద్దగా భయం లేదు. జిప్ ఫైల్ దించి అందులోది తెరిచి ఉంటే ఆ కంప్యూటర్‌ని వెంటనే నెట్ నుంచి తప్పించండి. ఆ మెషీన్‌లో బ్యాంకు పని ఏదీ చేయొద్దు. వేరే ఫోన్ నుంచో ల్యాప్‌టాప్ నుంచో మెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు పాస్‌వర్డ్, ట్యాలీ రిమోట్ లాగిన్ ఉంటే అదీ మార్చేయండి. మెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. మీరు పెట్టని ఫార్వర్డింగ్ అడ్రస్ అక్కడ కనిపిస్తే మీ మెయిళ్లు ఎవరో చదువుతున్నట్టే. కంప్యూటర్‌ని తెలిసినవాళ్లతో ఫార్మాట్ చేయించడం ఉత్తమం. యాంటీవైరస్ స్కాన్ చేసి "ఏమీ లేదంది" అని వదిలేయడం నాకు నచ్చదు, ముఖ్యంగా అదే మెషీన్ మీద జీతాలు వేసేటప్పుడు.

మీ సైట్ పెట్టిన వారంలోనే వీళ్లకి ఎలా తెలిసిందని ఆశ్చర్యపోయారు కదా. ఇందులో మాయేమీ లేదు. డాట్ కామ్ డొమైన్‌ల పూర్తి జాబితా రోజూ తాజా అవుతుంది, అడిగినవాళ్లకి అనుమతి మీద దొరుకుతుంది. నిన్నటి జాబితాకీ ఇవాళ్టిదానికీ తేడా తీస్తే కొత్తగా పుట్టిన డొమైన్‌లన్నీ తేలిపోతాయి. ఇంకో దారి, సైట్‌కి తాళం గుర్తు రావడానికి వేసే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్. ప్రతి సర్టిఫికెట్‌నీ బహిరంగ లాగ్‌లో నమోదు చేయాలని 2018లో క్రోమ్ పట్టుబట్టింది. అది భద్రత కోసం పెట్టిన మంచి నియమమే, కానీ కొత్త సైట్ పుట్టిన నిమిషానే పేరు అందరికీ కనబడుతుంది. ఆపైన బాట్‌లు, అంటే తమంతట తామే తిరిగే ప్రోగ్రాములు, మీ పేజీలు తిరిగి మెయిల్ అడ్రస్ ఏరుకుంటాయి. అడ్రస్ లేకపోతే 'ఇన్ఫో', 'సేల్స్' అని ఊహించి పంపుతాయి. అదీ కాకపోతే కాంటాక్ట్ ఫారం నింపుతాయి. 2018 మేలో యూరప్ గోప్యతా చట్టం అమల్లోకి వచ్చాక డొమైన్ యజమానుల పేరు, ఫోన్ బయటికి కనబడటం బాగా తగ్గింది. అంతకుముందైతే డొమైన్ కొన్న మర్నాడే ఫోన్లు మోగేవి.

కాంటాక్ట్ ఫారం ద్వారా వచ్చిన స్పామ్ మీ సొంత సర్వర్ నుంచే వస్తుంది, ఫారంలో మీ అడ్రస్సే రాసి ఉంటే మీ సొంత అడ్రస్‌తోనే వస్తుంది. అందుకే జీమెయిల్ దాన్ని పట్టుకోలేదు, మీకేమో "మన అడ్రస్ నుంచే మనకి వచ్చింది, హ్యాక్ అయిందేమో" అన్న అనుమానం. హ్యాక్ కాలేదు. ఎవడో ఫారం నింపి బటన్ నొక్కాడు, అంతే.

ఇక గుర్తుపట్టడం. చాలామంది ఇంగ్లిష్ తప్పులు చూడమంటారు. ఆ సలహాకి కాలం చెల్లింది. ఇప్పుడు మోసగాళ్ల ఇంగ్లిష్ చక్కగా ఉంటుంది, మన రాజ్‌కోట్ సప్లయర్ ఇంగ్లిష్‌లోనే తప్పులుంటాయి. లోగో, సంతకం, కంపెనీ పేరు చూసి నమ్మడమూ అంతే. నేను క్లయింట్లకి చెప్పేది ఒకటే: మెయిల్ ఏం చెబుతోందో పక్కన పెట్టి, మీ నుంచి ఏం అడుగుతోందో చూడండి. టైం అడిగేవి ఉంటాయి, డబ్బు అడిగేవి ఉంటాయి, పాస్‌వర్డ్ అడిగేవి ఉంటాయి, ఫైల్ తెరవమనేవి ఉంటాయి. టైం అడిగేదాన్ని పొరపాటున నమ్మితే పోయేది ఒక ఫోన్ కాల్. మిగతావి నమ్మితే పోయేది వేరు. మీకొచ్చే వాటిలో ఎక్కువ భాగం మొదటి రకమే. మీరు ఎక్కువగా విసుక్కుంటున్నదీ వాటి మీదే. జాగ్రత్తపడాల్సింది మాత్రం అప్పుడప్పుడూ వచ్చే మిగతావాటి గురించి.

ఎస్ఈఓ మెయిళ్లు, అంటే గూగుల్‌లో మీ సైట్‌ని పైకి తెస్తామనేవి, ఈ మొదటి రకం. "మీ వెబ్‌సైట్ చూశాను, చాలా తప్పులు కనిపించాయి, రిపోర్ట్ పంపమంటారా" అని మొదలవుతాయి. సైట్ ఎవరూ చూడలేదు. మీ డొమైన్ పేరు ఖాళీలో పడేలా అచ్చు తయారుగా ఉంటుంది. ఒకసారి ఆ మెయిల్లో మీ డొమైన్ పేరు చెరిపేసి చదివి చూడండి. ఎదురుగా ఉన్న బేకరీకి పంపినా అతికేలా ఉంటే అది మీకు రాసింది కాదు. గూగుల్ మొదటి స్థానం గ్యారంటీ అంటే అక్కడితో ఆపేయొచ్చు. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత సహాయ పేజీలోనే రాసింది. ఉన్నట్టుండి మెయిల్ పంపే ఎస్ఈఓ కంపెనీలతో జాగ్రత్త అని కూడా అక్కడే ఉంది. "మీ సైట్ సెర్చ్ ఇంజన్లలో కనబడటం లేదు" అని గూగుల్‌కే ఇలాంటి మెయిళ్లు వచ్చాయని కూడా వాళ్లే రాసుకున్నారు. గూగుల్‌కే తప్పలేదు, మీకూ నాకూ తప్పుతుందా!

వీటిలో కొన్ని నిజమైన చిన్న ఏజెన్సీలే. పని లేక, పని వెతుక్కునే పద్ధతి వేరే తెలియక పంపుతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ సొంత డొమైన్ ఉన్న కంపెనీ సొంత అడ్రస్ నుంచి కాకుండా ఊరూ పేరూ లేని ఉచిత అడ్రస్ నుంచి ఎందుకు పంపుతోందో ఆలోచించండి. సొంత డొమైన్ నుంచి ఇలా పంపితే దానికి స్పామ్ ముద్ర పడుతుందని వాళ్లకీ తెలుసు. జవాబివ్వకపోతే నాలుగు రోజులకి మళ్లీ ఇంకోటి వస్తుంది, సబ్జెక్ట్ ముందు 'రీ' అని తగిలించి, ఇదివరకే మీతో మాట్లాడినట్టు. అదీ యంత్రం పంపేదే. "వద్దు, ధన్యవాదాలు" అని మర్యాదగా రాసినా సరే, ఈ అడ్రస్ వెనక చదివే మనిషి ఉన్నాడని వాళ్లకి తెలిసిపోతుంది. రాయకండి.

దీని చుట్టమే గెస్ట్ పోస్ట్ మెయిల్. "మీ సైట్‌లో ఒక వ్యాసం వేయండి, లింకు ఇవ్వండి, యాభై డాలర్లు ఇస్తాం" అంటారు. నాలుగు వేల పైనే ఊరికే వస్తున్నాయి కదా అనిపిస్తుంది. ఆ లింకులు తరచూ ఏ బెట్టింగ్ సైట్‌కో వెళ్తాయి. డబ్బు తీసుకుని ఇచ్చే లింకుకి 'స్పాన్సర్డ్' అనో 'నోఫాలో' (ఈ లింకుని లెక్కించొద్దు) అనో గుర్తు పెట్టాలన్నది గూగుల్ నియమం. అలా గుర్తు పెడతానంటే వాళ్లు డబ్బివ్వరు. పెట్టకపోతే దెబ్బ తినేది మీ సైట్. పౌడర్ కోటింగ్ సైట్‌లో ఆన్‌లైన్ రమ్మీ గురించి వ్యాసం చూసిన కొనుగోలుదారు ఏమనుకుంటాడో కూడా చూసుకోండి.

డొమైన్ గురించి వచ్చేవాటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వీటిలో నిజమైనవీ కలిసి ఉంటాయి. బిల్లులా కనిపించే మెయిల్, పైన మీ డొమైన్ పేరు, కింద గడువు తేదీ, పక్కన ఎర్రక్షరాల్లో 'ఫైనల్ నోటీస్'. సన్నక్షరాల్లో చదివితే అది డొమైన్ రెన్యువల్ కాదు, 'సెర్చ్ ఇంజన్ సబ్‌మిషన్' అనే అక్కర్లేని సర్వీసు. ఇంకొకటి చైనా నుంచి వస్తుంది: "ఫలానా కంపెనీ మీ బ్రాండ్ పేరుతో డాట్ సీఎన్ డొమైన్ అడుగుతోంది, మీకు అభ్యంతరమైతే ముందు మీరే కొనుక్కోండి". డొమైన్ ముందు అడిగినవాళ్లకి ఇస్తారు, అంతే. ఎక్కడో ఉన్న రిజిస్ట్రార్, అంటే డొమైన్‌లు అమ్మే కంపెనీ, పని మానుకుని పీణ్యలో ఉన్న మీ అభ్యంతరం అడగడు.

నిజమైనవి రెండు రకాలు. డాట్ కామ్ లాంటి డొమైన్‌లకి గడువుకి నెల రోజుల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ గుర్తు చేయాలన్నది డొమైన్‌ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ నియమం. రెండోది చాలామంది స్పామ్ అనుకుని తీసేసేది: డొమైన్ కొన్నప్పుడో, యజమాని వివరాలు మార్చినప్పుడో "మీ మెయిల్ అడ్రస్ ధ్రువీకరించండి" అని వస్తుంది. చూడటానికి అచ్చం మోసంలాగే ఉంటుంది, లింకు నొక్కమంటుంది, గడువు పెడుతుంది. కానీ పదిహేను రోజుల్లో ధ్రువీకరించకపోతే రిజిస్ట్రార్ డొమైన్‌ని నిజంగానే ఆపేయాలి. సైట్ హఠాత్తుగా పడిపోయిందని నాకు ఫోన్ చేసేవాళ్లలో కొందరిది ఇదే కథ. తేడా కనిపెట్టడానికి మెయిల్ని భూతద్దంలో చూడక్కర్లేదు. లింకు నొక్కకుండా, రిజిస్ట్రార్ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి. నిజంగా పెండింగ్ ఏదైనా ఉంటే అక్కడ కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది: మీ డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గరుందో మీకు తెలుసా? వెబ్‌సైట్ చేసిన కుర్రాడు తన అకౌంట్‌లో, తన పేరు మీద కొని ఉంటాడు. మన ఊళ్లో ఇది సర్వసాధారణం. రేపు అతను ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే గడువు మెయిళ్లన్నీ అతనికే పోతాయి. మీకు వచ్చేవన్నీ దొంగవే అవుతాయి, నిజమైనది ఒక్కటీ రాదు. ఈ వారంలోనే అతన్ని పిలిచి టీ ఇప్పించి, డొమైన్‌ని మీ పేరు మీదికి, మీ అకౌంట్‌లోకి మార్పించుకోండి. స్పామ్ గురించి నేను చెప్పే అన్నిటికంటే ఇది ఎక్కువ విలువైనది.

బెదిరింపు మెయిళ్ల సంగతికొస్తే, ఫోటోలదే మొదట. 2021 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ఈ తంతుని బయటపెట్టింది. కంపెనీల కాంటాక్ట్ ఫారాల్లో "నా ఫోటోలు దొంగిలించారు, సాక్ష్యం ఇదిగో" అని నింపి, గూగుల్ సైట్స్ లింకు పెట్టేవాళ్లు. గూగుల్ లింకే కదా అని నొక్కితే లాగిన్ అడిగి, జిప్ ఫైల్ దించి, దాని ద్వారా ఐస్డ్ఐడీ అనే మాల్వేర్ ఎక్కించేవాళ్లు. మీకు వచ్చినదీ ఆ బాపతే అనిపిస్తోంది: ఏ ఫోటోనో చెప్పలేదు, ఏ పేజీలో ఉందో చెప్పలేదు, తెలుసుకోవాలంటే లింకు నొక్కాలి. నిజంగా హక్కుదారు రాస్తే ఫలానా పేజీలో ఫలానా బొమ్మ అని మెయిల్లోనే ఉంటుంది, ఎవరి తరఫున రాస్తున్నారో, పోస్టల్ అడ్రస్ ఏమిటో ఉంటుంది. అయితే ఒక మాట. ఫోటోల ఏజెన్సీలు నిజమైన నోటీసులూ పంపుతాయి. మీ సైట్ చేసినవాళ్లు గూగుల్ ఇమేజెస్ నుంచి ఫోటోలు లాగి పెట్టి ఉంటే వాటిని తీసేసి మీ షాప్ ఫ్లోర్ ఫోటోలే ఫోన్‌తో తీసి పెట్టండి. కొనేవాడికీ అదే కావాలి. ఎవరిదో జర్మన్ ఫ్యాక్టరీ ఫోటో మీ సైట్‌లో ఉంటే చూసినవాడికి తెలియదా?

"మీ సైట్ హ్యాక్ చేశాం, డేటాబేస్ మా దగ్గరుంది, బిట్‌కాయిన్ పంపకపోతే బయటపెడతాం" అనేది మరొకటి. మీ సైట్ ఐదు పేజీలు, అందులో డేటాబేసే లేదు. లేనిది ఎత్తుకెళ్లామని బెదిరించడం చూస్తే నవ్వొస్తుంది కానీ, ఇది అందుకున్నవాళ్లు చాలామంది రాత్రి నిద్రపోరు. నమూనాగా మీ డేటా ఒక్క వరుస కూడా చూపించని బెదిరింపుని పట్టించుకోకండి. "మీ సైట్‌లో లోపం కనిపెట్టాను, బహుమతి ఇవ్వండి" అనే మర్యాదస్తులూ ఉన్నారు. వాళ్లు చెప్పే లోపం సాధారణంగా మీ డొమైన్‌కి డీమార్క్ రికార్డ్ (మీ పేరుతో వచ్చే దొంగ మెయిళ్లని ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) లేకపోవడం. లేని మాట నిజమే, ఎవరైనా క్షణంలో చూడగలిగేదే. దానికి డబ్బివ్వక్కర్లేదు, రికార్డ్ పెట్టించుకుంటే చాలు.

ఇప్పుడు నిజంగా డబ్బు పోయే చోటికి వద్దాం. "మీ మెయిల్‌బాక్స్ 98 శాతం నిండింది, కొనసాగించడానికి ఇక్కడ లాగిన్ అవ్వండి" అన్న మెయిల్. పైన మీ కంపెనీ పేరే ఉంటుంది, కింద మీ హోస్టింగ్ లాగిన్ పేజీలాంటిదే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ ఇచ్చాక ఏమీ జరగదు, మీరూ మర్చిపోతారు. అవతలివాడు మర్చిపోడు. మీ మెయిల్లో కూర్చుని ఎవరికి ఇన్‌వాయిస్ పంపుతున్నారో, ఎవరి దగ్గర షీట్, పౌడర్ కొంటున్నారో చదువుతాడు. మీరు ఒక పెద్ద పేమెంట్ కట్టాల్సిన వేళకి, నడుస్తున్న సంభాషణ మధ్యలోనే, మీ సప్లయర్ రాసినట్టు ఒక మెయిల్ దూరుతుంది: "ఆడిట్ వల్ల మా పాత అకౌంట్ ఆగింది, ఈ కొత్త అకౌంట్‌కి వేయండి". ఇన్‌వాయిస్ నంబర్ సరైనదే, మొత్తం సరైనదే, మాట తీరు కూడా అదే. అడ్రస్‌లో మాత్రం ఇంగ్లిష్ 'ఎం' అక్షరం బదులు 'ఆర్', 'ఎన్' పక్కపక్కన ఉంటాయి. ఫోన్ తెర మీద తేడా కనిపించదు. ఒక్కోసారి అదీ ఉండదు, సప్లయర్ మెయిలే చేతులు మారి ఉంటుంది, అడ్రస్ అక్షరం అక్షరం సరిపోతుంది. అమెరికాలో ఎఫ్‌బీఐకి 2023లో ఇలాంటి వ్యాపార మెయిల్ మోసాల మీద వచ్చిన ఫిర్యాదుల్లో నష్టం 290 కోట్ల డాలర్ల పైమాటే.

ఇక్కడ స్పామ్ ఫిల్టర్ ఏమీ చేయలేదు, చేయగలిగింది మీ బావమరిదే. అతనికి ఒక్క కట్టుబాటు పెట్టండి: బ్యాంకు అకౌంట్ మార్పు మెయిల్లో వస్తే, మెయిల్లో ఇచ్చిన నంబర్‌కి కాకుండా మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడాకే పేమెంట్. ఎంత అర్జెంటన్నా సరే, మీ పేరుతో మెయిల్ వచ్చినా సరే. ఆర్‌బీఐ ఆదేశం మీద 2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ చేసేముందు అవతలి అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో చూపించే సదుపాయం బ్యాంకులు ఇవ్వాలి. అకౌంట్ నంబర్ కొట్టాక సప్లయర్ కంపెనీ పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు వస్తే అక్కడే ఆగిపోవాలి. మెయిల్‌కి రెండంచెల లాగిన్ పెట్టించండి. బ్యాంకు సైట్లన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే అడ్రస్‌లకి 2025 అక్టోబర్ చివరికల్లా మారాలని కూడా ఆర్‌బీఐ చెప్పింది. బ్యాంకు లింకు అని వచ్చిందాంట్లో సైట్ పేరు చివర అది లేకపోతే తెరవకండి.

జీఎస్టీ పేరుతో సమన్లు, నోటీసులు మెయిల్‌కి వస్తే కంగారుపడి పీడీఎఫ్ తెరవకండి. నిజమైన నోటీసు పోర్టల్‌లో లాగిన్ అయితే కనిపిస్తుంది. కేంద్ర పన్నుల అధికారులు పంపే కాగితాల మీద 2019 నవంబర్ నుంచి డిన్ అనే గుర్తింపు నంబర్ పెడుతున్నారు (పోర్టల్ ద్వారా వచ్చేవాటికి 2025 నుంచి అది తప్పనిసరి కాదు), అది ఉంటే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సీబీఐసీ సైట్‌లో సరిచూసుకోవచ్చు. మీ ఆడిటర్‌కి ఫార్వర్డ్ చేయండి, ఆ పని ఆయనదే.

పోయిన హోసూరు ఆర్డర్ గురించి. అది స్పామ్‌లో పడటానికి కారణం నాకు తెలిసినంతలో మీ ఫారమే. ఫారం నింపిన మనిషి అడ్రస్‌నే 'ఫ్రం' దగ్గర పెట్టి మీ సర్వర్ మెయిల్ పంపుతుంటుంది. జీమెయిల్ చూసేదేమిటంటే, హోసూరు మనిషి అడ్రస్ పేరు చెప్పుకుని ఆ అడ్రస్‌కి సంబంధం లేని సర్వర్ మెయిల్ పంపుతోంది. దొంగ మెయిల్ లక్షణం సరిగ్గా అదే కదా, స్పామ్‌లో పడేసింది. 'ఫ్రం' దగ్గర మీ డొమైన్ అడ్రస్, 'రిప్లై టు' దగ్గర వాళ్ల అడ్రస్ పెట్టమని సైట్ చేసినవాళ్లకి చెప్పండి. పావుగంట పని. ఫారం సబ్జెక్ట్‌లో ఎప్పుడూ ఒకే మాట ఉండేలా చేసి, ఆ మాట ఉన్నది ఎప్పటికీ స్పామ్‌కి పంపొద్దని జీమెయిల్లో ఫిల్టర్ పెట్టండి. ఫారంలో వచ్చింది ఒక గూగుల్ షీట్‌లో కూడా పడేలా చేస్తే మెయిల్ పోయినా ఎంక్వైరీ పోదు.

ఫారంకి బాట్‌ల బెడద తగ్గించడానికి మనుషులకి కనబడని ఒక ఖాళీ గడి పెడతారు. బాట్ దాన్నీ నింపేస్తుంది, నింపింది కాబట్టి దొరికిపోతుంది. వచ్చింది మనిషా బాటా అని తనే చూసుకునే క్లౌడ్‌ఫ్లేర్ టర్న్‌స్టైల్ లాంటిది కలిపితే ఇంకా మంచిది. వంకర అక్షరాలు చదివించే పాత క్యాప్చాలు వద్దు, నిజమైన మనిషే విసుగొచ్చి వెళ్లిపోతాడు. నాకు బాగా పనిచేసినట్టు కనిపించింది మాత్రం మరోటి: మెటీరియల్ ఏమిటి, మందం ఎంత, ఎన్ని పీసులు అన్న గడులు తప్పనిసరి చేయడం. ఎస్ఈఓ అమ్మేవాడికి సీఆర్‌సీఏ షీట్ 16 గేజ్ అంటే ఏమిటో తెలియదు. "మీ సందేశం అందింది" అని ఆటోరిప్లై పెట్టి ఉంటే, అందులో వాళ్లు రాసిన సందేశాన్ని తిరిగి పంపకుండా చూసుకోండి. బాట్‌లు వేరేవాళ్ల అడ్రస్ ఇచ్చి, మీ సర్వర్ చేతే వాళ్లకి స్పామ్ పంపిస్తాయి. పేరు పాడయ్యేది మీ డొమైన్‌ది.

దొంగ ఎంక్వైరీలూ ఉంటాయి. "మీ ప్రైస్ లిస్ట్ పంపండి, మా ఆర్డర్ అటాచ్ చేశాం" అని జిప్ ఫైల్, లేదంటే తెరవగానే పాస్‌వర్డ్ అడిగే హెచ్‌టీఎంఎల్ ఫైల్. విండోస్ ఫైల్ పేరులో చివరి తోకని దాచేస్తుంది కాబట్టి డ్రాయింగ్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ అన్నది పీడీఎఫ్‌లాగే కనిపిస్తుంది. ఆ తోక కనబడేలా సెట్టింగ్ మార్చండి. విదేశం నుంచి పెద్ద ఆర్డర్ ఇస్తాం, క్రెడిట్ కార్డ్‌తో ఎక్కువ మొత్తం కడతాం, అందులోంచి మా షిప్పింగ్ ఏజెంట్‌కి మీరే పంపండి అంటే అది ఆర్డర్ కాదు. అలాంటి కార్డు డబ్బు తర్వాత వెనక్కి పోతుంది, ఏజెంట్‌కి మీరు పంపింది మాత్రం తిరిగి రాదు. అనుమానంగా ఉన్న ఎంక్వైరీకి తిరుగు టపాలో ఒక్క ప్రశ్న వేయండి: ఆర్ఏఎల్ షేడ్ (రంగు నంబర్) ఏది, కోటింగ్ ఎన్ని మైక్రాన్లు? నిజమైన పర్చేజ్ మనిషైతే "7035, 60 నుంచి 80" అని ఒక్క లైన్లో చెబుతాడు, జీమెయిల్ అడ్రస్ నుంచి రాసినా, వ్యాకరణం ఎలా ఉన్నా.

మీ వైపు నుంచి వెళ్లే కొటేషన్లు అవతల స్పామ్‌లో పడకుండా మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టించుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటి విషయంలో గట్టిగా ఉన్నాయి. రోజుకి ఐదు వేలకి పైగా పంపేవాళ్లకి మూడూ తప్పనిసరి, మీలాంటివాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటైనా ఉండాలి. మూడూ పెట్టేయడమే మేలు. ఇవన్నీ పాస్ అయిన మెయిల్ మీకొస్తే పంపినవాడు మంచివాడని అర్థం కాదు. ఆ డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే అర్థం. దొంగ కూడా సొంత డొమైన్ కొని మూడూ పెట్టుకోగలడు.

అన్‌సబ్‌స్క్రైబ్ విషయం: మీరు ఎప్పుడో రిజిస్టర్ చేసుకున్న కంపెనీ, ఎగ్జిబిషన్ నిర్వాహకులు, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు అయితే నొక్కండి. జీమెయిల్ పైన పంపినవాళ్ల పేరు పక్కన తనే చూపించే బటన్ వాడితే ఇంకా మంచిది. ఎవరో తెలియనివాళ్లయితే మెయిల్ కింద ఉన్న లింకు ముట్టుకోకుండా 'రిపోర్ట్ స్పామ్' కొట్టండి. ఒక్కొక్కళ్లని బ్లాక్ చేస్తూ కూర్చోవడం వృథా, రేపు కొత్త అడ్రస్‌తో వస్తారు.

చట్టం గురించి పెద్ద ఆశలు పెట్టుకోకండి. కాల్స్, ఎస్ఎంఎస్‌లకి ట్రాయ్ 2018 నిబంధనలున్నాయి, డీఎన్‌డీ ఉంది. మెయిల్ స్పామ్‌కి మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో 2003లో చేసిన క్యాన్-స్పామ్ చట్టం ఉంది, పోస్టల్ అడ్రస్ ఇవ్వాలి, వద్దన్నవాళ్లని పది పని దినాల్లో జాబితా నుంచి తీసేయాలి. అయినా అక్కడా స్పామ్ ఆగలేదు. పంపడానికి ఖర్చు లేని చోట ఇది ఆగదు. 1978 మే 3న గ్యారీ థ్యూర్క్ అనే ఆయన తన కంపెనీ కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మని, ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో సుమారు నాలుగొందల మందికి ఒకేసారి మెయిల్ కొట్టినప్పుడే చీవాట్లు బాగానే పడ్డాయి. మంచి బేరాలు తగిలాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అక్కడే తెలిసిపోతోంది కదా.

కాబట్టి ఎస్ఈఓ మెయిళ్ల మీద ఫిర్యాదులు రాస్తూ టైం పాడుచేసుకోవద్దు. డబ్బు పోయినా, మెయిల్ చేతులు మారినా వేరు. డబ్బు వెళ్లిందని తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. డబ్బు ఇంకో అకౌంట్‌కి దాటేలోపు ఆపించే అవకాశం ఆ మొదటి గంటల్లోనే. తర్వాత నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాతపూర్వకంగా పెట్టండి. బెంగళూరులో సైబర్ నేరాలకి వేరే పోలీసు స్టేషన్లున్నాయి, ఎఫ్ఐఆర్‌కి అక్కడికి వెళ్లొచ్చు. వేరొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. వెళ్లేటప్పుడు స్క్రీన్‌షాట్ ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో హెడర్లలో ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో ఉండదు. జీమెయిల్లో మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' లోకి వెళ్లి, అక్కడున్న డౌన్‌లోడ్ నొక్కితే పూర్తి మెయిల్ ఫైల్‌గా దిగుతుంది. మీ బావమరిది లింకు నొక్కిన ఆ ఫోటోల మెయిల్‌ని కూడా ఇప్పుడే అలా దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. స్పామ్ ఫోల్డర్‌లో ఉన్నది ముప్పై రోజులకి జీమెయిల్ తనే చెరిపేస్తుంది.